నోటి మీద వేలు

"బళ్ళో అందరి నోళ్ళూ మూయిస్తావట కదా, ఆ విద్యేదో ముందు నీ మీద చూపించుకోకూడదూ?" అన్నాడు భర్త, ఇస్త్రీ చేసిన చొక్కా కోసం చెయ్యి చాపుతూ. ఆమె చేసిన నేరమల్లా, ఇస్త్రీపెట్టె సరిగ్గా వేడెక్కడం లేదని అనడమే. కుర్చీలో కూర్చున్న అత్తగారు కిసుక్కుమంది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే, వేళాకోళం కూడా పడదమ్మా ఈవిడకి అని ఇంకో మాట పడాలి. పొద్దున్నే అంత ఓపిక ఎక్కడిది? చొక్కా భర్తకిచ్చి, మాత్రలు అత్తగారి చేతిలో పెట్టి, కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు బడికి పరిగెత్తింది.

ఆమె ఒకటో తరగతి టీచరు. పిల్లలు గోల చేస్తే "నోటి మీద వేలు" అంటుంది, అంతే. చూపుడువేళ్ళన్నీ పెదాల మీదికి ఎక్కేస్తాయి. బెత్తం లేదు, గుంజీళ్ళు లేవు, చెవి మెలిపెట్టడం లేదు. తను దయగల టీచర్నని ఆమె నమ్మకం. తనదంటూ చెప్పుకోవడానికి ఆ నమ్మకం తప్ప ఆమెకి ఇంకేముంది గనక!

ఆ రోజు తనిఖీకి పెద్దాఫీసరు వచ్చాడు. హెడ్మాస్టరు గుమ్మంలోంచి తల పెట్టి, "మేడమ్, టీ సంగతి కాస్త మీరు చూడాలి" అన్నాడు. ఆయన గదిలో మగ టీచర్లు ఇద్దరు ఊరికే కూర్చునే ఉన్నారు. కానీ టీ అనగానే ఎవరి మొహం గుర్తుకు రావాలో ఇంటికీ తెలుసు, బడికీ తెలుసు. "నోటి మీద వేలు. నేనొచ్చి చెప్పేదాకా ఎవరూ తియ్యకూడదు" అని పిల్లలకి చెప్పి వెళ్ళింది. కప్పులు కడిగింది. పాలు కాచింది. పంచదార నిండుకుంటే ఎదురు కొట్టుకి పోయి తెచ్చింది. తీరా ఆఫీసరుగారు పంచదార వేసుకోనంటే మళ్ళీ పెట్టింది. అన్నీ సర్ది వచ్చేసరికి ఆఫీసరూ హెడ్మాస్టరూ తన తరగతి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"చూశారా సార్, టీచరు లేకపోయినా చీమ చిటుక్కుమంటే వినిపిస్తుంది" అంటున్నాడు హెడ్మాస్టరు. భేష్ అంటూ ఆఫీసరు ముందుకి సాగిపోయాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. ఒక్క వేలూ కదల్లేదు. వెనక బెంచీలో ఓ పిల్ల ఉంది. దాన్ని బడంతా వాగుడుకాయ అంటారు. ఆ పిల్ల కుడిచేతి వేలు నోటి మీద ఉంచుకునే, ఎడమచేతి చిటికెనవేలు పైకెత్తి కూర్చుంది. ఒంటేలుకి వెళ్ళాలని అడగడం అది. ఎవర్ని అడిగిందో, ఎంతసేపు అడిగిందో ఆ పిల్లకే తెలియాలి. గౌను తడిసి, బెంచీ కింద మడుగయింది. చిటికెనవేలు మాత్రం ఇంకా దించలేదు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. "వేలు తీసెయ్యి తల్లీ" అంటే, ఆ పిల్ల ఏ వేలు తియ్యాలో తెలియక రెండూ అలాగే ఉంచుకుని చూసింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భర్త ఎదురొచ్చాడు. "మీ హెడ్మాస్టరు ఫోన్ చేశాడోయ్. సోమవారం టీచర్లందరికీ నీ పద్ధతి చూపించాలట. మొత్తానికి నా పరువు నిలబెట్టావు." అత్తగారు కూడా, "రా, ఇలా కూర్చో" అని పక్కన చోటిచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలాంటి మాట ఒక్కటి వినాలని మొహం వాచి ఉన్న మనిషి ఆమె. "ఏమండీ, ఇవాళ ఒక పిల్ల..." అని మొదలుపెట్టింది. "అబ్బా, మంచి మాట చెబితే దాన్నీ పాడుచేస్తావేం" అన్నాడు. ఆమె లేచి కూరగాయలు ముందేసుకుంది. తరుగుతుంటే దుఃఖం పొంగుకొచ్చింది. ఆ పిల్లకి నేను తిరిగొస్తానన్న ఆశయినా ఉంది, అనుకుంది. నాకు వేలు తియ్యమని చెప్పడానికి ఎవరొస్తారు? పెళ్ళయిన కొత్తలో అమ్మ 'సర్దుకుపో' అని చెప్పి వెళ్ళిపోయింది, సర్దుకోవడం ఇక చాలని చెప్పడానికి ఎవరూ రాలేదు. ఆ పిల్ల వేలెత్తి అడగనైనా అడిగింది, నేను అడగడమే మర్చిపోయాను. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఈ ఒక్క ముక్క చెప్పుకోవడానికి మనిషి లేడు. అత్తగారు అటునుంచి, ముక్కలు సన్నగా తరగమంది.

సోమవారం గేటు దగ్గర ఆ పిల్ల తల్లి కనిపించింది. తిడుతుందేమోనని ఆమె సిద్ధపడే ఉంది. తిట్టినా బాగుండేది. "బెంచీ పాడుచేసిందట, ఏమనుకోకండి టీచర్‌గారూ. మీ పుణ్యమా అని ఇంట్లో కూడా నోరెత్తడం లేదు. ఇప్పటికి ఆడపిల్లలా ఉందని మా ఆయన ఒకటే మురిసిపోతున్నాడు" అందా తల్లి, చేతులు జోడించి.

తరగతిలో టీచర్లంతా గోడల వెంట నిలబడ్డారు. "కానివ్వండి మేడమ్" అన్నాడు హెడ్మాస్టరు. చెప్పకముందే పిల్లల వేళ్ళు పెదాల మీదికెక్కాయి. ఇంకేం, నాలుగు మాటలు చెబితే చాలు, బళ్ళోనూ ఇంట్లోనూ మెప్పు. ఆమె గొంతు సర్దుకుంది.

"అందరూ వేళ్ళు తీసెయ్యండి. ఎవరికైనా ఒంటేలు వస్తే లేచి వెళ్ళిపోండి. నన్ను అడగక్కర్లేదు."

ఒక్కరూ కదల్లేదు. పిల్లలు హెడ్మాస్టరు వంక చూశారు. మగ టీచర్లలో ఎవరో ఫక్కున నవ్వారు. "ఇదేం పద్ధతి మేడమ్?" అన్నాడు హెడ్మాస్టరు. ఆడ టీచర్ల మరుగుదొడ్డి తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది. అడగలేక, పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టని ఆడవాళ్ళు ఆ గోడల వెంట ఎందరో ఉన్నారు. ఆమె ఆయన దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇప్పించండి సార్. నేను ఒంటేలుకి వెళ్ళాలి" అంది, పిల్లలందరికీ వినబడేలా. "అడగడం లేదు, చెబుతున్నాను."

ఆయన మొహం కందగడ్డయింది. జేబులోంచి తాళంచెవి తీసిచ్చాడు. ఆమె గుమ్మం దాటుతుంటే వెనక బెంచీ కిర్రుమంది.

"నేనూ వస్తున్నా టీచర్" అంది వాగుడుకాయ.