మధ్యలో కొండ

ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తూనే లొరేన్ గోడ గడియారం వైపు చూసింది.

“దాన్ని చూడకమ్మాయ్, అదెక్కడికీ పారిపోదు,” అంది విన్నీ. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు లేవనివ్వవు గాని నోటికి ఏ నొప్పీ లేదు. “ఇవాళైనా ఆ కోటు విప్పవే! బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడతావు నా వంటింట్లో.”

బల్ల మీద రెండు కప్పులున్నాయి. రెండోది లొరేన్‌ది. విన్నీ రోజూ పట్టుబట్టి తీయిస్తుంది. ఒక్కనాడూ అందులో టీ పడలేదు.

ముసలివాళ్ళ ఇళ్ళకెళ్ళి సాయం చేయడం లొరేన్ ఉద్యోగం. ఆమె కోరేది పెద్దదేం కాదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, విన్నీ నూలు మిల్లులో పనిచేసిన రోజుల కబుర్లు చివరిదాకా వినాలి. ఆ పల్చటి తెల్లజుట్టు తీరిగ్గా దువ్వాలి. కానీ ఇక్కడ పని ముగిసే నిమిషానికే కొండపైన మరో ఇంట్లో పని మొదలుకావాలి. మధ్యలో కొండ ఎవరి లెక్కలోనూ లేదు. ఈ సాయానికి ఊరి కౌన్సిల్ ఆమె కంపెనీకి డబ్బిచ్చేది ఇంట్లో ఉన్న సమయానికే, కంపెనీ ఆమెకిచ్చేదీ అంతే. వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ హాజరు పడేందుకు విన్నీ ఇంటి ఫోన్ నుంచి ఒక నంబరు నొక్కాలి. ముందే వెళ్తే జీతంలో కోత. ఆగితే పైనున్న ముసలాయన తడి పక్కలో ఎదురుచూస్తూ ఉంటాడు. “ఇంట్లో ఊరికే చేసే పనేగా, బయట ఎంతో కొంత ఇస్తున్నారు, సంతోషించు,” అన్నాడు భర్త క్లైవ్, తిన్న పళ్ళెం ఆమె వైపు జరుపుతూ.

కోత సంగతి విని ఉపాయం చెప్పింది విన్నీయే. “నువ్వు పరుగెత్తు. టైమవగానే నేను నొక్కుతా. వేళ్ళింకా పనిచేస్తున్నాయిగా!” అప్పట్నుంచీ అలాగే సాగుతోంది.

ఆ ఉదయం కౌన్సిల్ నుంచి మిసెస్ ప్రైస్ తనిఖీకి వచ్చింది.

“మీ రికార్డు చూసే వచ్చానండీ. ఇంత శుభ్రంగా ఇంకెవరిదీ లేదు. మిగతావాళ్ళు దారి సమయానికీ జీతం కావాలంటున్నారు. మీకు లేని ఇబ్బంది వాళ్ళకెందుకు? అది అక్కర్లేదనడానికి నివేదికలో మీ పేరే చూపిస్తాం,” అంది లొరేన్‌తో.”

“పూర్తి టైము ఉంటుందండీ, పొమ్మన్నా పోదు,” అంది విన్నీ కన్నార్పకుండా. బల్ల కింద లొరేన్ చేయి గట్టిగా పట్టుకుంది.

కౌన్సిల్ లెక్కల్లో ఒక లొరేన్ ఉందన్నమాట. వానలో ఆయాసపడుతూ కొండెక్కని లొరేన్. రోజూ ఆ నిమిషాల్లో ఈ కుర్చీలోనే, విన్నీ పక్కనే ఉన్న లొరేన్. ఆమె మీద లొరేన్‌కి ఒక్కసారిగా అసూయ పుట్టింది.

“వెళ్ళేటప్పుడు ఆ నంబరు నొక్కేది నేను కాదండీ,” అంది.

విన్నీ చేయి బిగుసుకుంది. “నోర్ముయ్యవే పిచ్చిదానా!”

“నాకోసం ఈవిడ నొక్కుతుంది. అప్పటికి నేను కొండ సగం ఎక్కి ఉంటాను.”

మిసెస్ ప్రైస్ కళ్ళజోడు తీసింది. “ఇది రాస్తే మీ ఉద్యోగం పోవచ్చు. తెలుసా?”

“తెలుసు. కొండ సంగతి కూడా రాయండి. పైన పెద్దాయన కనిపెట్టుకుని ఉంటాడు, నాతో నడిచొచ్చి చూసి మరీ రాయండి.”

టైమింకా కాలేదు. లొరేన్ ఫోన్ అందుకుని తన వేలితోనే నంబరు నొక్కింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

“ఆ కప్పు అక్కడే ఉండనివ్వండి విన్నీ. ఒకరోజు కోటు విప్పి తాగుతాను.”