బాత్రూంలో నత్తలు

"నత్తలకి కూడా క్వారంటైనా? వాటికి జలుబు చేసిందా, జ్వరం వచ్చిందా?" అన్నాడు మా ఆయన, నోటినిండా నురగతో పళ్లు తోముకుంటూ. పళ్ల డాక్టరు కదా, ఇంట్లో ఆ ఒక్క పనీ శ్రద్ధగా చేస్తాడు. నేను అప్పటికే వెనక బాత్రూంలో పీట వేసుకుని కూర్చుని, నత్తల తొట్టిలో నీళ్లు మార్చడానికి బకెట్లో ఉప్పునీళ్లు కలుపుతున్నాను. పొయ్యి మీద పాలు, భుజం మీద తువ్వాలు, మోచేతులదాకా ఉప్పు.

జలుబు కాదని ఎన్నిసార్లు చెప్పానో. చేపలకి తెల్లమచ్చల జబ్బని ఒకటుంది. దాని పురుగు నత్త గుల్లకి అంటుకుని వస్తుంది. నత్తకి ఏమీ కాదు, అది హాయిగా తిరుగుతూనే ఉంటుంది. అలాంటి నత్తని చేపలున్న నీళ్లలో వేశామా, ఆ పురుగు చేపల్ని పట్టుకుంటుంది. అదే చేపలు లేని నీళ్లలో కొన్ని వారాలు ఉంచితే, తినడానికేమీ దొరక్క పురుగే చచ్చిపోతుంది. మందూ మాకూ అక్కర్లేదు, ఓపికుంటే చాలు. ఓపిక అనగానే మా ఇంట్లో అందరూ నావైపు చూస్తారు.

క్లినిక్‌లో పేషెంట్లు కూర్చునే గదిలో సముద్రపు చేపల అక్వేరియం పెట్టాలన్నది ఆయన ఆలోచన. డ్రిల్లు చప్పుడుకి బిక్కచచ్చిపోయేవాళ్లు చేపల్ని చూసి కాస్త కుదుటపడతారట. ఆలోచన మంచిదే. ఆలోచన ఆయనది, చాకిరీ నాది. మొదటిసారి, అద్దం మీద పాచి తినడానికని నత్తల్ని కొనుక్కొచ్చి, షాపతను ఇచ్చిన సంచి విప్పి అలాగే గుమ్మరించేశాడు. "కొన్నాళ్లు విడిగా ఉంచమన్నాడు కదండీ" అంటే, "వాళ్లు అలాగే అంటార్లే" అన్నాడు. కొద్దిరోజుల్లోనే చేపల ఒంటినిండా ఉప్పు చల్లినట్టు మచ్చలు. ఒక్కటీ మిగల్లేదు. వచ్చిన ప్రతి పేషెంటుతోనూ "మా ఆవిడ నీళ్లు సరిగ్గా మార్చలేదండీ" అని చెప్పాడు. నేను అక్కడే, ఎదురుగా, రిసెప్షన్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఒళ్లు మండిపోయింది. అయినా నవ్వేశాను.

ఆ తొట్టి తీయించేసి మొన్న కొత్తది పెట్టించాడు, కొత్త చేపల్ని వేశాడు. ఈసారి నత్తలు నా చేతి మీదుగానే, నేను చెప్పిన రోజునే వెళ్తాయన్నాను. "సరే తల్లీ" అన్నాడు. నా మాట మీద గౌరవంతో అనుకునేరు. రేపు ఏదైనా తేడా వస్తే తప్పు నెట్టడానికి ఒక మనిషి ఉండాలిగా.

ఆ రిసెప్షన్ కుర్చీ సంగతి కూడా చెప్పాలి. నేను స్పీచ్ థెరపిస్టుని. ఒక స్కూల్లో, మాట సరిగ్గా రాని పిల్లలకి మాటలు నేర్పేదాన్ని. క్లినిక్ తెరిచినప్పుడు "ఎవరో ఒకరు దొరికేదాకా నువ్వు కూర్చో, మన క్లినిక్కే కదా" అన్నాడు. ఈ "మన" అనేది నాకు చాకిరీ దగ్గరే వినబడుతుంది, బోర్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే. ఎవరూ దొరకలేదు, వెతికితేగా! అపాయింట్‌మెంట్లు, బిల్లులు, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం, ఆయా రాని రోజు గదులు తుడవడం, మధ్యలో ఇంటికి పరుగెత్తి వంట. మా పాత స్కూలు హెడ్ మేడం ఈ వారంలోనే ఫోన్ చేసింది. "చోటు ఖాళీగా ఉంది. సోమవారం వచ్చి చేరితే నీది, లేకపోతే వేరేవాళ్లని తీసుకుంటాను" అంది. ఆలోచించి చెప్తానన్నాను. అంతమంది పిల్లలకి మాటలు నేర్పినదాన్ని, ఒక్క "వస్తాను" అనే మాట నా నోట రాలేదు.

అత్తయ్య మొదట్లో ముక్కు మూసుకుంది. "స్నానాలగదిలో ఈ పురుగూ పుట్రా ఏమిటే?" అంది. తర్వాత్తర్వాత చూస్తే ఆవిడే పీట వేసుకుని తొట్టి ముందు కూర్చుంటోంది. కొన్ని నత్తలు వెల్లకిలా పడితే తమంతట తాము లేవలేవు. వాటిని చెంచాతో తిప్పి పెడుతోంది. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"వీటిని తెచ్చింది పాచి కడగడానికేగా?"

"అవునత్తయ్యా."

"మరి పనిలో పెట్టకముందు ఇన్నాళ్లు ఊరికే కూర్చోబెట్టి మేపుతారా?"

"మేపాలి."

"అదృష్టవంతులు. నేను కాపురానికొచ్చిన రోజే అంట్లు తెచ్చి నా ముందు పడేశారు." చెంచా పక్కన పెట్టింది. "నీకైతే మర్నాడు. నేనే పడేశాను."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ నాతో అలాంటి మాట అనలేదు.

ఆదివారం క్లినిక్‌లో రెండో గది ప్రారంభం. మా ఆయనకి చదువు చెప్పిన ప్రొఫెసర్‌గారు వస్తున్నారు. కొత్త తొట్టి అద్దానికి గోధుమరంగు పొర పట్టింది, కొత్తలో పట్టడం మామూలే. మా ఆయన పొద్దున్నే చేతిలో మగ్గుతో వెనక బాత్రూం దగ్గర తయారయ్యాడు.

"నత్తల్ని వేసేద్దాం. సాయంత్రానికి అద్దం మెరవాలి."

"ఇంకా రెండు వారాలు ఆగాలండీ."

"ఆగకపోతే కొంపలేం మునగవు."

"పోయినసారి మునిగింది."

"అయితే నువ్వే తుడువు. అవి చెయ్యకపోతే నువ్వు చెయ్యి, ఎవరో ఒకరు చెయ్యాలిగా!" అంటూ తలుపు తోశాడు. తలుపు కదల్లేదు. లోపల గడియ వేసుంది.

"నేనున్నాన్రా" అంది అత్తయ్య లోపల్నుంచి.

"త్వరగా రా అమ్మా."

"ఈ వయసులో త్వరగా ఏమిట్రా? కడుపులో బాగోలేదు. నువ్వెళ్లు."

మగ్గు పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు, గడియారం చూసుకున్నాడు, విసుక్కుంటూ వెళ్లిపోయాడు. కారు వీధి మలుపు తిరిగాక అత్తయ్య గడియ తీసింది. "ఒకటి మళ్లీ వెల్లకిలా పడిందే, అందుకని ఆలస్యమైంది" అంది, నా మొహం చూడకుండా. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. క్లినిక్‌కి వెళ్లాక అద్దం మాత్రం తుడవలేదు.

సాయంత్రం ప్రొఫెసర్‌గారు తొట్టి ముందు వంగి చూశారు. "బావుందయ్యా. అద్దమే కాస్త మసకగా ఉంది. ఎవరు చూసుకుంటారు దీన్ని?"

"మా ఆవిడే సార్. తొట్టి, రిసెప్షన్, ఇల్లు, అన్నీ. జీతం అడగదు, సెలవు అడగదు. ఇంత చవగ్గా స్టాఫ్ ఎక్కడ దొరుకుతారు చెప్పండి!"

అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ నా పెదాలు కూడా కదలబోయాయి. ఆయన చెడ్డవాడు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ఆ మాట ఆయన పుట్టించింది కూడా కాదు, వాళ్ల నాన్న దగ్గర్నుంచో తాత దగ్గర్నుంచో గుల్లకి అంటుకుని వచ్చింది. ఆయనకేం కాదు, హాయిగానే తిరుగుతాడు. అది తినేది నన్ను. నేను నవ్వి ఊరుకున్న ప్రతిసారీ దానికి ఒక పూట గడిచింది, చేపలు పోయిన రోజు కూడా గడిచింది. ఇన్నేళ్లూ దాన్ని మేపింది నేనే. మేపడం మానేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నవ్వలేదు.

నేను నవ్వకపోయేసరికి మిగతావాళ్ల నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ప్రొఫెసర్‌గారు గొంతు సవరించుకున్నారు. నేను కుర్చీలోంచి లేచాను.

"ఇప్పుడు అడుగుతున్నాను సార్, సెలవు. రేపు పొద్దున నా స్కూల్లో చేరుతున్నాను."

మా ఆయన గబగబా నా పక్కకి వచ్చాడు. మొహాన నవ్వు అలాగే అతికించుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమిటిది? ఆ నత్తలెప్పుడొస్తాయి, నువ్వెప్పుడొస్తావు?"

"నత్తలు రెండు వారాల్లో వస్తాయండీ" అన్నాను. "నేను రాను."