దానంతట అదే

వంటగదిలో సింక్ కింద పైపు కారుతోంది, ప్లంబర్‌ని పిలవాలి. ఇంత చిన్న మాట మా ఇంట్లో మూడు రకాలుగా చెప్పాలి. మా ఆయనకైతే, "పైపు మార్చాలని మీరు మొన్ననే అన్నారు, మీ మాటే నిజమైంది" అనాలి. ఆయన ఎప్పుడూ అనలేదు. కానీ అన్నట్టు ఆయనకి వెంటనే గుర్తొచ్చేస్తుంది. అత్తగారినైతే, "ఏం చేద్దామంటారు అత్తయ్యా?" అని సలహా అడగాలి. మామగారికి నేరుగా చెప్పకూడదు. ఆయన పేపర్ చదువుకునే కుర్చీ దగ్గర నిలబడి, ఆయనకి వినపడేలా అత్తగారితో అనాలి. ఈ తతంగమంతా అయ్యాక ఫోన్ చేసేదీ నేనే, వచ్చిన ప్లంబర్‌కి బకెట్ అందించేదీ నేనే.

ఆఫీసులో నాకు జీతమిచ్చేదీ ఇలాంటి పనికే. ప్రోగ్రామర్లు తమ కోడ్‌లో "మొదటి పది వరుసలు కావాలి" అని ఒక్కసారి రాసుకుంటారు. అవతల ఏ డేటాబేస్ ఉంటే దానికి అర్థమయ్యే క్వెరీగా, అంటే ప్రశ్నగా, ఆ మాటను మార్చే భాగం మా టూల్‌లో మూడేళ్ళుగా నేను రాస్తున్నాను. ఒకదానికి ఆ పది చివర్లో చెప్పాలి. ఇంకోదానికి మొదట్లోనే చెప్పకపోతే కుదరదు. ఒక కస్టమర్ దగ్గరున్న ముసలి డేటాబేస్‌కైతే ముందు వరుసలకి అంకెలు వేయించి, ఆ క్వెరీని ఇంకో క్వెరీలో చుట్టి ఇవ్వాలి. పైగా దానికి కావాలని ఖాళీ అని నింపిన గడికీ, అసలెవరూ నింపనే నింపని గడికీ తేడా తెలియదు. అయినా మా ఇంట్లోవాళ్ళ కంటే అదే నయం. తప్పుగా అడిగితే తప్పని మొహం మీదే చెబుతుంది, మూడు రోజులు మూతి ముడుచుకుని కూర్చోదు.

గురువారం వేరే ఊళ్ళో ఆ కస్టమర్‌కి మా టూల్ చూపించాలి. చూపించి ఒప్పించినవాళ్ళే రేపు ఈ టీమ్‌కి హెడ్ అని ఆఫీసంతా అనుకుంటున్నారు. సోమవారం మా లీడ్ తన స్లైడ్లు వేశాడు. నా పనంతా అందులో ఒక్క బాణం గుర్తు. దాని కింద "దానంతట అదే" అని రాసి ఉంది. ఆ బాణంలో నావి రెండు వందల పైచిలుకు నియమాలున్నాయి. ఒక్కొక్కటీ ఏదో ఒక డేటాబేస్ చేత చీవాట్లు తిని నేర్చుకున్నదే.

"నేను వెళ్తాను సర్, అది నేను రాసిందే కదా" అన్నాను.

"నీకెందుకమ్మా ఆ తిరుగుడు, ఇల్లూ పిల్లలూ ఉన్నదానివి. నేను వెళ్ళొస్తాలే. నాకర్థమయ్యేలా ఓ నాలుగు పేజీలు రాసిపెట్టు."

ఎంత జాలో నా మీద! ఖాళీ గడుల సంగతి కస్టమర్ ఫోన్లో అడిగితే "అది టూల్ చూసుకుంటుందండీ" అన్న మేధావి ఇతను.

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "మంచిదేగా. నువ్వు మూడ్రోజులు పోతే ఇక్కడ ఎలా నడుస్తుంది?" అన్నాడు. మా ఇల్లు ఎవరూ పట్టించుకోకపోయినా నడిచిపోతుందని స్నేహితుల దగ్గర కోతలు కోసేది ఈ మనిషే.

మర్నాడు భోజనాల వేళ క్యాంటీన్‌లో కూర్చుని లీడ్ కోసం పేజీలు మొదలుపెట్టాను. రెండో పేజీ సగంలో నా మీద నాకే అసహ్యం వేసింది. చేతులు లీడ్ బుర్రకి ఎక్కే మాటలు వెతుకుతున్నాయి. మనసేమో, వెళ్ళాలనుకుంటే మా ఆయనతో ఏమనాలి, అత్తగారి దగ్గర ఎలా మొదలుపెట్టాలి అని పాఠం కూర్చుకుంటోంది. యంత్రాలకి చేస్తే జీతమైనా వస్తుంది. చెవులున్న మనుషులకి ఈ ఊడిగం దేనికి?

రాసిందంతా చెరిపేశాను. టికెట్ కొన్నాను. తర్వాత ఒక్క వాక్యం రాశాను: "రాసింది నేనే కాబట్టి గురువారం డెమోకి నేనే వెళ్తున్నాను, టికెట్ కొన్నాను." అక్షరం మార్చకుండా లీడ్ పైనున్న డైరెక్టర్‌కీ, లీడ్‌కీ, మా ఆయనకీ, అత్తగారికీ పంపాను.

డైరెక్టర్ ముందు జవాబిచ్చాడు. "రాసింది మీరా? అయితే మీరే వెళ్ళాలి." మూడేళ్ళకి తెలిసిందన్నమాట ఆయనకి.

తర్వాత పది నిమిషాల్లో మిగతా ముగ్గురూ. లీడ్: "ఎవర్నడిగి కొన్నావమ్మా?" మా ఆయన: "ఎవర్నడిగి కొన్నావ్?" అత్తగారు ఫోన్ చేసి మరీ: "ఎవర్నడిగి కొన్నావే?"

వీళ్ళవి వేరు వేరు భాషలని ఇన్నేళ్ళూ నేనే భ్రమపడ్డాను.