చవితి మర్నాడు దిమ్మిస

తాయారు పిల్లవాడి వెనక నిలబడి ఇత్తడి చెంబు మీద గరిటెతో కొట్టింది. సోములు తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టింది. గోడ మీది కాకి లేచిపోయింది గాని, వాడు మాత్రం చీమలబారు ముందు గొంతుక్కూర్చుని, అది ఎక్కడికి పోతోందో తేల్చవలసిన పెద్దమనిషిలా వంగి చూస్తున్నాడు.

"నీకేటి పిచ్చేటే? ఆ సెంబు సొట్ట పోతాది," అని వంటింట్లోంచి అత్త జగ్గమ్మ కేకేసింది. "గుంటడికి ఇనపడతాదే. మగపిల్లలు అలగే ఉంటారు, దేనికీ పలకరు. మీ మావగారు పలికీవోడేటి? పెళ్లయిన ఏడాది దాకా నాతో ఊఁ అన్నోడు కాడు."

"పలక్కపోయినా ఇన్నాడు కదత్తా."

"ఇన్నాడని నీకెవులు సెప్పారు?"

తాయారుకి నవ్వు రాలేదు. సోములుకి రెండేళ్లు నిండవస్తున్నాయి. పళ్లొచ్చాయి, నడకొచ్చింది, పరుగు కూడా వచ్చింది. మాట రాలేదు. అమ్మ అనలేదు, అత్త అనలేదు, కాకిని చూసి కా అనలేదు. ఊళ్లో ఆ ఈడు పిల్లలు తిట్లు కూడా నేర్చేసుకున్నారు. తాయారు మూడో తరగతిలో ఉండగా పలక అటక మీద పెట్టించి వరసకి మావైన అప్పలసూరికిచ్చి పెళ్లి చేశారు. ఇంకొంచెం చదువుకుని ఉంటే ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలిసేదేమోనని ఆమెకి దిగులు. తెలియని దిగులు ఒకచోట కూర్చోనివ్వదు. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి చిటికె వేసేది, బియ్యం కడిగి వచ్చి చప్పట్లు కొట్టేది.

ఆమెకి ఒక్కటే ధైర్యం. అప్పలసూరి రాతి రోలరు లాక్కుంటూ గుడిసె పక్కనుంచి వెళ్తే, సోములు ఎటు తిరిగి కూర్చున్నా సరే, తల తిప్పి కిలకిలా నవ్వేవాడు. "అయ్య రోలరు సప్పుడు పోల్సుకుంటాడు," అని జగ్గమ్మ నలుగురికీ చెప్పేది. తాయారు ఆ మాటని కొంగున ముడేసుకున్నట్టు దాచుకుంది.

అప్పలసూరి జనపనార మిల్లు దొరల క్లబ్బులో బంతాట మైదానానికి మేస్త్రీ. వంకరకర్రతో బంతిని కొట్టి, దూరాన ఉన్న చిన్న గుంటలో వేసే దొరల ఆట అది. గుడిసె కూడా ఆ మైదానం అంచునే. వానాకాలమంతా అక్కడ గడ్డి మోకాలెత్తున లేచేది, ఊరి మేకల్ని అందులోకి తోలేవారు. వానలు వెనకబట్టాక అప్పలసూరి మనుషుల్ని పెట్టి గడ్డి కోయించి, నేల రోలరుతో నొక్కించేవాడు. బంతి వేసే గుంట చుట్టూ ఉండవలసిన నున్నటి పొట్టిగడ్డి బతికే నేల కాదది. అందుకని ఇసక గుండ్రంగా పోసి, మిల్లులో వాడేసిన నల్లనూనె దాని మీద చిలకరించి, గాలికి ఎగరకుండా చేసి, చెక్కపలకతో నున్నగా లాగేవారు. దీపావళి వెళ్లాక వచ్చే ఆదివారం మొదటి పందెం. దానికి ముందు సాయంత్రం క్లబ్బులో పెద్ద విందు. యుద్ధం ముగిసిన ఏడు కదా, ఈసారి వాల్తేరు నుంచి కూడా దొరలొస్తున్నారు.

గురువారం మధ్యాహ్నం అప్పలసూరి అన్నానికొచ్చి, కంచం ముందు కూర్చుని చాలాసేపు ఏమీ కలపలేదు.

"ఏటి మావా?"

"సెక్రటరీ దొర మైదానమంతా తిరిగాడు. పుట్ట మళ్లీ లేచింది. ఆదివారం పొద్దున్నకి ఆనవాలు ఉండకూడదన్నాడు. రేపు కొట్టేస్తాను."

జగ్గమ్మ చేతిలో పులుసుగిన్నె ఆగింది. తాయారు అత్త ముఖంలోకి చూసింది. రెండేళ్ల కిందట, తాయారు నిండు నెలలతో ఉన్నప్పుడు, అదే చోట అదే పుట్టని అప్పలసూరి దొరమాట మీద కూల్చాడు. ఆనాడు జగ్గమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. కడుపుతో ఉన్నదాని మొగుడు పుట్ట జోలికి పోతే పిల్లల చెవులకి తగులుతుందని అరిచింది. పిల్లవాడు పుట్టాక ఆ మాట మళ్లీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకపోగా, ఇనపడతాది, ఇనపడతాది అని ఎవరూ అడక్కుండానే అంటూ వస్తోంది. తాయారుని భయపెట్టింది అదే.

"శనివారం నాగులసవితి మావా," అంది తాయారు. "సవితినాడు మన్ను తవ్వకూడదు. ముందురోజు పుట్టే కొట్టేస్తే పాలెక్కడ పోస్తాను?"

"ఊళ్లో మరి పుట్టల్నేవా?"

"ఆ పుట్టకే పొయ్యాల. దాని కాడే అడగాల. గుంటడి సెవులు దాని కాడే ఉన్నాయి."

అప్పలసూరి అమ్మ వైపు చూశాడు. జగ్గమ్మ పులుసు వొంచుతూ, "తినరా, సల్లారిపోతాది," అంది. అంతే.

"శనివారం సాయంత్రం నాను క్లబ్బులో దీపాలు కట్టాల. ఆదివారం దొరలొచ్చీలోపల నొక్కి, రోలరెయ్యాల. సూసుకో, నా ఉద్యోగం ఊడితే నీ పాముకి పాలెవులిస్తారు?"

"ఆదివారం కోడి కూసినప్పుడే కొట్టేద్దాం. నువ్వు కొట్టొద్దు. నాను కొడతాను."

"నువ్వా?"

"ఒకపాలి నీ సెయ్యి పడ్డాది. ఈపాలి నా సెయ్యి పడనీ. నాను పాలు పోసి, అడిగి, సెప్పి, అప్పుడు కొడతాను. సెప్పి కొట్టినోళ్ల మీద అంత కోపముండదు."

"పాముతో ఒప్పందమేటే ఇది," అని అప్పలసూరి నవ్వబోయి, పెళ్లాం ముఖం చూసి మానేశాడు. "సరే. ఆదివారం."

చవితి తెల్లవారుజామున తలంటుకుని, తడిజుట్టుతోనే తాయారు పిల్లవాణ్ణి చంకనేసుకుని మైదానంలోకి వెళ్లింది. వెనక జగ్గమ్మ చిమ్మిలి, చలిమిడి పట్టుకొచ్చింది. మంచుకి గడ్డి తడిసి ఉంది. కోసిన గడ్డి మధ్య ఎర్రగా, నడుం ఎత్తున, పుట్ట ఒక్కటే నిలబడి ఉంది. తాయారు కన్నంలో పాలు పోసింది. పాలు కొంచెం నిలిచి, బుడగలేసి, లోపలికి దిగాయి.

"తండ్రీ, నాగన్నా," అంది. తర్వాత ఏమనాలో తోచలేదు. నేర్చుకున్న మాటలన్నీ పోయాయి. "ఆడికి నాను పిలిస్తే తెలవాల. అంతే. మరేటీ అడగను. రేపు నీ ఇల్లు కొడతాను, నాకు అన్నం పెట్టీవోళ్ల మాట అది. నువ్వు ముందే బేగి ఎల్లిపో. పిల్లల్ని కూడా తీసుకుపో."

జగ్గమ్మ కళ్లొత్తుకుంది. తాయారు పుట్టమన్ను తడిపి సోములు రెండు చెవులకీ రాసింది. వాడు చక్కిలిగింతకి మెడ ముడుచుకుని నవ్వాడు.

ఆ పగలంతా ఆమెకి కాలు నిలవలేదు. మన్ను ఎండిందా లేదా అని చూసేది. ఎండాక, వెనకనుంచి "సోములూ" అని మెల్లగా పిలిచేది, గట్టిగా పిలిచేది. దేవుడికి తీరిక ఉండొద్దా, అందరి పాలూ ఒక్కరోజే తాగాలి కదా అని తనకి తనే సర్దిచెప్పుకునేది. మళ్లీ పిలిచేది.

సాయంత్రం క్లబ్బు వంటశాల వెనక గిన్నెలు తోమడానికి రమ్మని కబురొస్తే అత్తతో కలిసి వెళ్లింది. పిల్లవాణ్ణి గోనెసంచి మీద కూర్చోబెట్టింది. వంటమనిషి లక్ష్ముడు చెమట్లు కక్కుతూ నాలుగు పొయ్యిల మధ్య తిరుగుతున్నాడు. చలి మొదలైతే దొరలకి చెరువుల్లో దిగే పిట్టల మీదికి మనసు పోతుంది. పరజలు, ఉల్లంకిపిట్టలు కుప్పగా పడి ఉన్నాయి.

"ఇయ్యాల సవితి కదమ్మా, ఇటు సూడకు," అన్నాడు లక్ష్ముడు తాయారుతో. "నీ ఉపాసం సెడతాది. సివర్న మాత్రం సూడు, తీపిముద్ద మీద సారా పోసి అంటించి పట్టుకెల్తాను. మనం దేవుడికి హారతిస్తే ఆళ్లు మిఠాయికి హారతిస్తారు. ఎవులి భక్తి ఆళ్లది."

జగ్గమ్మ మూతి తిప్పింది. "కాలిపోయిన మిఠాయి తినీవోళ్లు మనకి దొరలు."

ఇంతలో విందు మొదలన్న గుర్తుగా, వంటశాల మెట్ల మీదికి వచ్చి మిల్లు బ్యాండువాడు బాకా ఊదాడు. తాయారు చేతిలో గిన్నె జారింది. పొయ్యి పక్కన పడుకున్న పిల్లి దూకి పారిపోయింది. చాకలామె ఒళ్లో పసిపిల్ల ఝల్లుమని ఏడుపు అందుకుంది. క్లబ్బు కుక్కలు రెండూ మొరిగాయి.

సోములు ఒక పరజ ఈకని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. బాకా ఆమడ దూరం వినబడేటట్టు మళ్లీ మోగింది. వాడు ఈకని నోట్లో పెట్టుకున్నాడు.

తాయారు వెళ్లి వాణ్ణి చంకనెత్తుకుంది. అప్పుడే బయట ఎవరో దొర గాలిలోకి తుపాకీ పేల్చాడు. సోములు ఉలిక్కిపడ్డాడు.

"అదిగో!" అంది జగ్గమ్మ. "సూసినావా? ఉలిక్కిపడ్డాడు! నాను సెప్పనేదా?"

తాయారుకి తెలుసు. ఉలిక్కిపడింది తను. తన ఒళ్లు అదిరితే ఆ అదురు పిల్లవాడికి తగిలింది. ఇన్నాళ్లూ ఉలిక్కిపడ్డాడని అందరూ అనుకున్న ప్రతిసారీ వాడు ఎవరో ఒకరి చంకలోనే ఉన్నాడని ఆమెకి ఒక్కసారిగా గుర్తుకొచ్చింది. ఆ గుర్తుని వెనక్కి తోసేసింది. రోలరుందిగా అనుకుంది. రోలరుకి తిరుగుతాడుగా. అప్పుడు ఎవరి చంకలోనూ ఉండడుగా.

ఆదివారం కోడి కూతకి మునుపే ఆమె లేచింది. జగ్గమ్మ దుప్పటి ముసుగు తీయలేదు. "నా కళ్లతో నాను సూడను," అంది లోపలినుంచి. తాయారు పిల్లవాణ్ణి, గునపాన్ని, పారని, దిమ్మిసనీ పట్టుకుని బయల్దేరింది. నేల అణగ్గొట్టే దిమ్మిస అది, అడుగున ఇనుము తొడిగిన దుంగకి పొడుగాటి కర్ర బిగించి ఉంటుంది. మామూలుగా మగవాళ్లు ఎత్తుతారు. అప్పలసూరి రోలరు తేవడానికి క్లబ్బు కొట్టం వైపు వెళ్లాడు.

సోములుని పుట్టకి వీపు పెట్టి గోనె మీద కూర్చోబెట్టింది, చూడకూడనిది చూడకుండా. చేతిలో నిన్నటి ఈక ఉంది. తాయారు పుట్టకి దండం పెట్టి గునపం వేసింది. ఎర్రమన్ను పెళ్లలుగా విరిగింది. లోపల పామూ లేదు, పాము పిల్లలూ లేవు. తెల్లటి చెదలు, చల్లటి గదులు, పాలచారిక ఎండిన గోడ ఒకటి. "ఎల్లిపోయినావు కదా, మంచిపని సేసినావు," అనుకుంది. పారతో సర్ది, గుంతలోకి మన్ను లాగి, దిమ్మిస ఎత్తి, శక్తికొద్దీ వేసింది.

దబ్!

సోములు గిరుక్కున తిరిగాడు.

తాయారు దిమ్మిస వదిలేసింది. "సోములూ!" అని అరిచింది. "సోములూ! ఇన్నావురా! నా తండ్రి, ఇన్నావా!"

కాని ఆ అరుపు నోట్లోంచి వచ్చేసరికే వాడు మళ్లీ ఈక వైపు తిరిగిపోయాడు. ఆమె మళ్లీ పిలిచింది. చప్పట్లు కొట్టింది. గునపాన్ని పారకేసి కొట్టింది, ఇనుము ఇనుముకి తగిలి ఖంగుమంది, దూరాన కొంగలు లేచాయి. వాడు కదల్లేదు.

మళ్లీ దిమ్మిస ఎత్తి వేసింది.

వాడు తిరిగాడు. గోనె పక్కన నేల మీద అరచెయ్యి ఆనించి, కింద ఎవరైనా ఉన్నారా అన్నట్టు చూసి నవ్వాడు.

అప్పుడు తెలిసింది ఆమెకి. రోలరు చప్పుడు కాదు. చప్పుడు ఎన్నడూ కాదు. నేల. అయ్య వస్తున్నాడని వాడికి నేల చెప్పేది.

కొంగున దాచుకున్న ముడి విడిపోయింది. తాయారు దిమ్మిస కర్రని పట్టుకుని అక్కడే కూలబడింది. ఎంతసేపు ఏడ్చిందో, తన వెక్కిళ్లు తనకే వినబడుతుంటే, ఇవి కూడా వీడికి తెలియవు కదా అని మరీ ఏడ్చింది. తల ఎత్తేసరికి సోములు లేచి తన దారిన తను నడిచిపోతున్నాడు, మైదానంలోకి.

ఆమె పిలవబోయి నోరు మూసుకుంది. లేచి, కుడికాలు ఎత్తి, అప్పుడే గట్టిపడిన ఆ పుట్టమట్టి మీద మడమతో బలంగా తొక్కింది.

సోములు ఆగాడు. వెనక్కి తిరిగి ఆమెని చూశాడు.

మళ్లీ తొక్కింది. చేతులు చాపింది. వాడు చెవులకి ఎండిన మన్నుతో, ఈక పట్టుకుని, తూలుతూ పరిగెత్తుకొచ్చి ఆమె మోకాళ్లని కావలించుకున్నాడు. పుట్టి ఇన్నాళ్లకి, పిలిస్తే రావడం అదే మొదలు.

అప్పలసూరి రోలరు లాక్కుంటూ వచ్చి, ఆమె కళ్లు చూసి ఆగిపోయాడు. "ఏటయినాది? పామేటి?"

"పాము నేదు. ఆడికి ఇనపడదు మావా. మరి ఎప్పుడూ ఇనపడదు."

అప్పలసూరి రోలరు కాడి వదిలేశాడు. "నా సెయ్యే," అన్నాడు మెల్లగా. "నాను కొట్టబట్టే."

"ఏమో. అదెవులికి తెలుసు?" అంది తాయారు. "నువ్వొకపాలి అటెల్లు. అటెల్లి, ఆడు సూడకుండా, కాలితో తన్ను. నేలని తన్ను."

అతనికి అర్థం కాలేదు, కాని వెళ్లి తన్నాడు. సోములు తల తిప్పాడు. ఇటునుంచి తాయారు తన్నింది. ఇటు తిప్పాడు. అయ్యనొకసారి, అమ్మనొకసారి చూసి, ఇదేదో కొత్త ఆట అనుకుని గట్టిగా నవ్వాడు. అప్పలసూరి మళ్లీ తన్నాడు, ఈసారి ముఖం పక్కకి తిప్పుకుని.

క్లబ్బు వైపు కార్ల చప్పుడైంది. దొరలొస్తున్నారు. అతను గబగబా రోలరు అందుకుని పుట్ట ఉన్న చోటంతా నొక్కడం మొదలుపెట్టాడు. అంతలో సోములు ఇసక పోసిన గుండ్రం వైపు పరిగెత్తి, దాని నడిమికి వెళ్లి నిలబడ్డాడు. తాయారు తొక్కింది. వాడు తిరగలేదు. దగ్గరికెళ్లి, ఇసక మీదే తొక్కింది. పాదం మెత్తగా దిగింది. వాడికి ఏమీ అందలేదు. ఆమె గబుక్కున వాణ్ణి ఎత్తుకుని, అక్కడున్న చెక్కపలక లాగి ఇద్దరి అడుగుల్నీ చెరిపేసింది.

తిరిగి వస్తూ ఆమె వాణ్ణి దింపి ముందు నడవనిచ్చి, ప్రతిచోటా ఆగి మడమతో తొక్కి చూసింది. గడ్డి దట్టంగా ఉన్నచోట నేల పలకలేదు, వాడు తిరగలేదు. రోలరు పడిన చోట పలికింది. మేకలు తొక్కిన బాట పలికింది. గుడిసె ముందు వాకిట్లో తొక్కింది. నేల గుల్లగా, పొడిగా, చచ్చినట్టుంది.

"దొరల పందెం అయిపోయాక ఆ దిమ్మిస తిరిగిచ్చేయకు మావా," అంది, పని ముగించి వెనక వస్తున్న అప్పలసూరితో. "మన వాకిలి కొట్టాల."