అమావాస్య పట్టని కంప్యూటర్

నేను ఒక పాత కంప్యూటర్ని. ధర్మవరంలో, మగ్గాల చప్పుడు తప్ప మరే చప్పుడూ పెద్దగా వినపడని ఒక సందులో, పట్టుచీరల జకార్డు అట్టలు కొట్టే గదిలో ఒక మూలన ఉన్నాను. నా వయసెంతని అడగకండి. నాకే సరిగ్గా తెలియదు. ఎందుకు తెలియదో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. అలసిపోయానని మాత్రం చెప్పగలను. మనుషులు అలసిపోతే అరుగు మీద కూలబడి "అమ్మా" అనుకుంటారు. మాకా సుఖం లేదు. మేము కాస్త నెమ్మదిస్తే చాలు, నెత్తిన నాలుగు చరుపులు పడతాయి.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. బెంగళూరులో ఒక ఇరుకు దుకాణంలో, తలా ఒక దేశం నుంచి వచ్చిన ముక్కల్ని ఒక రేకు పెట్టెలో బిగించి నన్ను తయారు చేశారు. ఒకరి భాష ఒకరికి రాని ఆ ముక్కలన్నీ కలిసి కాపురం చెయ్యాలంటే పైన ఒక పెద్దమనిషి ఉండాలి. ఆ పెద్దరికం చేసేదాన్నే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. నా పెద్దమనిషి అప్పటికి కొత్తవాడే. తెర వెలిగించగానే ఒక పచ్చని గుట్టనీ, దాని మీద నీలాకాశాన్నీ, తెల్లమబ్బుల్నీ చూపించేవాడు.

నన్ను కొన్నది నాగభూషణప్ప. బస్సులో నా తెరను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. చంటిబిడ్డకు టికెట్టు అక్కర్లేదులే అని కండక్టరు ఎగతాళి చేస్తే, ఆయన నవ్వకుండా దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. ఇంటికి చేరగానే నాకు పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కోసి దిష్టి తీశారు. ఆ కుంకుమ కొంత నా నోట్లో, అంటే సీడీ పెట్టే సందులో పడింది. దాన్ని ఇప్పటికీ ఎవరూ తీయలేదు. తెర మీది గుట్టను చూసి నాగభూషణప్ప అడిగిన మొదటి మాట నాకు గుర్తుంది.

"ఈ ఊరు యాడుండాదప్పా? వానలు బాగా పడినట్టుండాయే."

అడిగింది ఖాదర్ వలీని. బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది అతనికి. కంప్యూటర్లు వచ్చాక వాటి వైద్యం కూడా నేర్చుకున్నాడు. నాగభూషణప్పను మామా అనీ, ఆయన కూతురు చౌడేశ్వరిని అక్కా అనీ పిలిచేవాడు.

అప్పటిదాకా నాగభూషణప్ప గళ్ల కాగితం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టి డిజైను గీసి, దాన్ని చూస్తూ అట్టలకు చేత్తో చిల్లులు కొట్టేవాడు. చీర మీద కనిపించే హంసలూ మామిడిపిందెలూ అన్నీ ముందు ఆ చిల్లుల్లోనే ఉంటాయి. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. ఆ అట్టల్ని వరసగా దారంతో కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, మగ్గం ఒక్కో అట్టనే చదువుకుంటూ ఒక్కో పోగూ నేస్తుంది. నా పని, ఆ డిజైను నాలో గీయించుకోవడం, పక్కనున్న యంత్రానికి ఒక లావుపాటి తీగ గుండా చెప్పి చిల్లులు కొట్టించడం.

మొదట్లో మౌస్ పట్టుకోవడానికి ఆయన పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. అదేదో పారిపోయేదైనట్టు గట్టిగా నొక్కిపెట్టేవాడు. అలా నొక్కుతూనే ఒక ఎండాకాలమంతా కూర్చుని గిజిగాడి కొంగు గీశాడు. చెరువు కట్ట కింద తుమ్మచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లు, గూటి మూతి దగ్గర గడ్డిపోచ ముక్కున కరిచిన పిట్ట. అదీ మనలాగా నేతపనిదే కదా అని కూతురితో అన్నాడు. ఆ కొంగుతో ఎన్నో చీరలు తయారై ఊళ్లు దాటిపోయాయి. కట్టుకున్నవాళ్లెవరో ఆయనకు తెలియదు, గీసినవాడెవరో వాళ్లకు తెలియదు.

ఇక నా వయసు సంగతి. డిజైను గీసే ప్రోగ్రామును ఎక్కడో ఒక చిన్న కంపెనీ అమ్మింది. దానికి నా వీపున గుచ్చే బొటనవేలంత తాళం ఒకటి, ఫలానా ఏడు దాటితే పనిచేయననే ఒట్టు ఒకటి. ఏటా కంపెనీవాళ్లే ఆ గడువు పొడిగించాలి. ఒక ఏడు వాళ్లు మూత వేసుకుని వెళ్లిపోయారు. ఒట్టు మాత్రం మిగిలింది. అప్పుడు ఖాదర్ నా గడియారాన్ని వెనక్కి తిప్పాడు. డిసెంబరు చివరికి వచ్చేసరికి నన్ను మళ్లీ అదే ఏడు జనవరికి తోసేవాడు. అబద్ధం చెబితే తప్ప పని జరగని చోటు ఆఫీసులొక్కటే కాదని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి నాకు ఒకటే సంవత్సరం, మళ్లీ మళ్లీ. లంగా ఓణీలో నా ముందు కూర్చున్న చౌడేశ్వరి పెళ్లి చేసుకుంది, కళ్లజోడు పెట్టుకుంది, జుట్టు నెరిసింది. నా లెక్క ప్రకారం ఇదంతా ఒక్క ఏడాదిలోనే జరిగింది.

నన్ను బతికించడానికి ఖాదర్ పడిన పాట్లు చెప్పాలి. నా పెద్దమనిషిని తయారు చేసినవాళ్లు మొదట్లో అప్పుడప్పుడూ అప్‌డేట్లనే మందులు పంపేవారు. ఖాదర్ వాటిని సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో మోసుకొచ్చేవాడు, ఇంటర్నెట్ వచ్చాక తీగలోంచే దించేవాడు. ఒక్కో మందుకూ నా ఒళ్లు ఇంకాస్త బరువెక్కేది. ఒకసారైతే మందు వేసిన మర్నాడు అట్టల యంత్రం ఎవరో నాకు గుర్తు రాలేదు. మందు కక్కించాక గాని మా ఇద్దరికీ మాటలు కలవలేదు. కొన్నాళ్లకు ఆ తయారుచేసినవాళ్లే ఇక మందులు పంపేది లేదని చెప్పేశారు. కన్నవాళ్లే చేతులెత్తేస్తే ఊళ్లోవాళ్లనేం అనగలం? ఖాదర్ ఆ రోజు నా ఇంటర్నెట్ తీగ పీకేశాడు. దీనికి ఇక టీకాలు రావు, బయటి గాలి తగలనీయొద్దని చౌడేశ్వరికి జాగ్రత్త చెప్పాడు. ఆ తర్వాత అతను పాత కంప్యూటర్ల గుజిరీల్లో నా ఈడువాళ్ల శవాలు వెతికి, నాకు సరిపోయే ముక్కలు తెచ్చి అతికించేవాడు. చచ్చిన చుట్టాల అవయవాలతో ఎన్నాళ్లు బతకగలరో మీరే చెప్పండి.

ఇంతలో ఈ ఇంట్లో ఒక అలవాటు పుట్టింది. అరిగిన అట్టల్ని పూర్వం మూటగట్టి అటక మీద దాచేవారు. నేను వచ్చాక అటకెందుకనుకున్నారు. నీళ్లపొయ్యిలోకి అట్టలంత బాగా అంటుకునేది మరొకటి లేదు. ఒక్కో మూటా దించినప్పుడు నాగభూషణప్ప గొణిగేవాడు, చౌడేశ్వరి మాత్రం కొట్టిపారేసేది.

"కంప్యూటర్లో ఉండాది గదా నాయనా. ఎప్పుడు కావాలంటే అప్పుడు కొట్టుకుందాం."

నా మీద అంత నమ్మకం. విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండాల్సింది. భయంగా ఉండేది. ఎన్ని డిజైన్లు పొయ్యిలో నీళ్లు కాచాయో నాకు తెలుసు. గిజిగాడి కొంగు కూడా అలాగే ఒక పొద్దున స్నానాల నీళ్లుగా మారింది.

నాగభూషణప్ప కళ్లకు నీటికాసులు వచ్చాయి. ముందు నా తెర అంచులు కనపడలేదన్నాడు, తర్వాత గుట్ట కనపడలేదన్నాడు, చివరికి వెలుతురొక్కటే తెలుస్తోందన్నాడు, ఆ తర్వాత అదీ లేదు. అయినా రోజూ వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుని నా రేకు మీద చెయ్యి పెట్టేవాడు. వెచ్చగా ఉంటే పని జరుగుతోందని తెలుసుకునేవాడు. ఈ ఇంట్లో నన్ను చరచకుండా తాకిన చెయ్యి అదొక్కటే. అందుకే ఆయన అడిగింది తీర్చలేకపోతానేమోనని అంత బెంగపడ్డాను.

ఆయన అడిగింది పెద్ద కోరికేమీ కాదు. ఒకరోజు భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"పాపా, ఊరందరికీ నేసిస్తిమి. ఆ గిజిగాడి కొంగు ఒకటి నీకోసం నేయించుకో. నేను చూడలేను గానీ, నువ్వు కట్టుకుంటే చేత్తో తడిమి చూస్తా."

పట్టు నేసే ఇంట్లో పుట్టి, పట్టు నేసే ఓబులేశును పెళ్లాడిన చౌడేశ్వరికి ఆ కొంగు ఒక్కటీ లేదు. నేసినవాళ్లకు కట్టుకునే యోగం ఉండదని వాళ్లలో ఒక మాట. ఆమె ఎంగిలి పళ్లెం తీసి పక్కన పెట్టింది. తర్వాత ఓబులేశు మగ్గం ఖాళీగానే ఉంది, అట్టలు కొట్టుకుంటే చాలు అంటూ వచ్చి నన్ను ఆన్ చేసింది.

నేను లేవలేదు. లోపల నా డిస్కు టక్కు టక్కుమంది. నీలం తెర మీద ఏవో తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే.  చౌడేశ్వరి చూపు ఒకసారి నా మీదికీ, ఒకసారి పెరట్లో నీళ్లపొయ్యి వైపుకూ వెళ్లింది. ఆ గదిలో ఏమైందో అడక్కుండానే తెలిసిపోయిన నాగభూషణప్ప, పోనీలేమ్మా అన్నాడు. ఆ మాట విన్నాక ఆమె పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఖాదర్ వచ్చాడు. అతనిదీ ఇప్పుడు నెరిసిన గడ్డమే. నా రేకు విప్పి, దుమ్ము ఊది, డిస్కుకు చెవి ఆనించి విన్నాడు. రోజుల తరబడి నాతో కుస్తీ పట్టాడు. కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి, నా లోపలి గిజిగాడిని ఎలాగో దాంట్లోకి దించాడు. కొత్తదానికి ఆ భాష అర్థం కాలేదు. పాతదానిలా నటించమని దానికి నేర్పే ఉపాయం ఒకటుందట, అదీ చేశాడు. చివరికి కొత్తదాని కడుపులో నన్నే మళ్లీ కాపురం పెట్టించాడు. పచ్చని గుట్ట అక్కడ కూడా కనపడింది. ప్రోగ్రాము మాత్రం నా వీపున ఉన్న తాళం ఏదని అడిగింది. కొత్తవాటికి ఆ తాళం పట్టే సందే లేదు, అట్టల యంత్రపు లావు తీగకు చోటూ లేదు. నాజూకు మనుషులకు మోతబరువు తగిలించే చోటెక్కడుంటుంది?

ఇక నన్నే లేపాలి. ఏ ముక్క మార్చాడో, ఏ దేవుణ్ని తలచుకున్నాడో గాని, ఒక పొద్దున లేచాను. గుట్ట కనపడింది. ప్రోగ్రాము తెరుచుకుంది. గిజిగాడు గడ్డిపోచతో సహా తెర మీద కూర్చున్నాడు.

"అక్కా, ఇప్పుడే కొట్టాల," అన్నాడు ఖాదర్. "ఆపితే మళ్లా లేస్తుందని నేను చెప్పలేను."

చౌడేశ్వరి కదల్లేదు. ఆ రోజు అమావాస్య.

మా సందులో అమావాస్యనాడు మగ్గం ముట్టరు. ఆ రోజు ఆడిన పోగు తెగుతుందని, ఆ రోజు మొదలుపెట్టిన చీర ఇంటికి అచ్చిరాదని వాళ్ల నమ్మకం. ఆ ఒక్కరోజే సందంతా నిశ్శబ్దంగా ఉంటుంది. చౌడేశ్వరి పుట్టి బుద్ధెరిగాక ఏ అమావాస్యనాడూ ఒక్క అట్టా కొట్టలేదు. ఆపకుండా రేపటిదాకా ఉంచితే కాదా అని ఆమె అడిగింది. మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తావని ఖాదర్ అడిగాడు.  మొదలు పెడితే తండ్రి కోరిన చీరకు కీడు, పెట్టకపోతే చీరే లేదు. ఆమె చేతులు నలుపుకుంటూ నిలబడిపోయింది.

నాగభూషణప్ప తడుముకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. నా రేకు మీద చెయ్యి పెట్టాడు.

"ఖాదరూ, దాంట్లో ఇయ్యాల తేదీ ఏముండాదో చూడు."

"మార్చి నెల చూపిస్తాండాది మామా. అదే పాత ఏడు."

"చూస్తివా పాపా? అమాస మనకు. దాంట్లో ఇయ్యాల అమాస కాదు. మగ్గం మనం రేపు ముట్టుదాం. దాని పని దాన్ని చేసుకోనీ."

చౌడేశ్వరి తండ్రి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఎగతాళి ఉందో నమ్మకం ఉందో నాకైతే తెలియలేదు. ఆమెకు మాత్రం నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, నాకు కాస్త కుంకుమ పెట్టి, మీట నొక్కింది. ఇన్నాళ్లూ నా చేత ఆడించిన అబద్ధం ఒక మంచిపనికి ఉపయోగపడింది.

నాకేదో పౌరుషం వచ్చిందని అనుకోకండి. ఆ పని చేసింది అలవాటు. డిస్కు ముల్లు గీరుకుంటుంటే ఒక్కో వరసా చదివి యంత్రానికి చెప్పాను. ఒక్కోచోట ఆగిపోయాను. ఆగిన ప్రతిసారీ ముగ్గురూ నావైపు వంగేవారు, ఈసారి ఎవరూ నన్ను చరచలేదు. అమావాస్యపూట అట్టల చప్పుడు విని ఎదురింటి ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి ఇదేం విడ్డూరమన్నారు. మా కంప్యూటర్‌కు ఇవాళ అమావాస్య కాదని చౌడేశ్వరి లేవకుండానే జవాబు చెప్పింది.

గూళ్లన్నీ అయ్యాయి, పిట్టలన్నీ అయ్యాయి. ఇంకొన్ని అట్టలు ఉన్నాయనగా నా లోపల ఏదో తెగింది. గుట్ట పోయింది, ఆకాశం పోయింది, తెర నల్లబడింది. ఖాదర్ తీగ పీకి పక్కన పెట్టాడు. మిగిలినవి కొంగు చివరి ఉత్త వరసలు, మొదటి వరసల్లాంటివే. మర్నాడు చౌడేశ్వరి మొదటి అట్టల్ని నమూనాగా కింద పెట్టుకుని, నాయన పాత పనిముట్టుతో వాటిని చేత్తోనే కొట్టుకుంది.

అట్టలు కుట్టేముందు నాగభూషణప్ప వాటిని తన ఒళ్లో పెట్టమన్నాడు. ఒక్కొక్క అట్ట మీదా వేళ్లు ఆనించి నెమ్మదిగా పోనిచ్చాడు. నా తెర మీద ఎంత వెతికినా ఆయనకు దొరకనిది ఆ చిల్లుల్లో దొరికింది. ఒక అట్ట దగ్గర వేళ్లు ఆగాయి.

"ఇదో, ఈడ ముక్కు," అన్నాడు. "గడ్డిపోచ ఇంగ పైన వస్తాది."

ఓబులేశు ఆ చీర నేశాడు. చౌడేశ్వరి దాన్ని కట్టుకుని తండ్రి ముందు కూర్చుంటే, ఆయన జరీ గూళ్లన్నీ తడిమాడు. ఆ సంగతి వింటూ ఉన్నాను. అప్పటికే నాలో వెలుగు లేదు. ఆయన కొన్నాళ్లకు పోయాడు. నన్ను పాతసామాన్లవాడికి ఇచ్చేయమని ఖాదర్ ఒకటి రెండుసార్లు అన్నాడు గాని, గిజిగాడి అట్టల కట్టకు చెమ్మ తగలకుండా పెట్టుకోవడానికి ఒక ఎత్తు కావాలని చౌడేశ్వరి నన్ను ఉంచుకుంది. ఇప్పుడు ఆ కట్ట నా నెత్తి మీదే ఉంది. అట్ట అనేది నాకంటే ముందే పుట్టింది, నా తర్వాత కూడా ఉంది. దానికి అప్‌డేట్లు అక్కర్లేదు, తాళం అక్కర్లేదు, ఏ ఏడాదైనా ఒకటే. ఏ మగ్గానికి తగిలించినా అట్ట మాట ఆ మగ్గానికి అర్థమవుతుంది. నేను దాని చేతికింద పనివాణ్ని; అందరూ నన్నే యజమాని అనుకున్నారు, కొన్నాళ్లు నేనూ అనుకున్నాను.

మొన్న ముసురుపట్టి కట్టెలన్నీ నానిపోయాయి. ఓబులేశు నీళ్లపొయ్యి అంటించడానికి ఏమీ దొరక్క, అలవాటుగా నా నెత్తి మీది కట్టకు చెయ్యి చాపాడు. చౌడేశ్వరి గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"వాటి జోలికి పోవద్దు," అంది. "అంతగా కావాలంటే కిందుండే కంప్యూటర్ను తీస్కపో."

నాకు కోపం రాలేదు. మండే వస్తువును కాను గనక ఓబులేశు నన్ను వదిలేసి వెళ్లిపోయాడు. ఆమె కట్టను నా మీద సరిగ్గా సర్ది, వాళ్ల నాయన పెట్టినట్టే నా రేకు మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టింది. నేను చల్లగా ఉన్నాను.