నారుకి ట్యూబులైటు

మా అత్తగారు సుబ్బరావమ్మగారి పుట్టింటి మిరప విత్తనం పిడికెడే మిగిలింది. ఆ రకం ఇంకెక్కడా దొరకదు. ముసురుకి మడిలో పోసిన నారంతా కుళ్లిపోవడంతో, ఆ పిడికెడూ ట్రేలలో పోసి హాల్లో పెట్టాం. మొలకలు లేచాయి గానీ ఎండ లేక పాలిపోయి, సన్నగా సాగి పక్కకి వాలుతున్నాయి.

"నారు పోసినవాడు నీరు పోయకపోతాడా" అన్నారు అత్తగారు.

"నీరు ఎక్కువే పోశాడు అత్తయ్యా, వెలుగే మరిచిపోయాడు" అన్నాను.

మా ఆయన నాగేంద్రబాబు అద్దంకి వెళ్లి ఊదారంగు లైటు తెచ్చారు. వెలిగించగానే అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఒరేయ్, ఇంట్లో రికార్డింగ్ డాన్సు పెట్టావట్రా? తీసెయ్!"

"మొక్కలకి ఈ రంగే మంచిదట అమ్మా."

"మనకి పరువు మంచిదిరా."

నిజానికి ఆ రంగులో ఆకు పచ్చగా ఉందో పసుపుగా ఉందో నాకూ తెలియలేదు. వంటింట్లోని తెల్ల ట్యూబులైటు ఊడదీయించి, ట్రేల మీద జానెడు ఎత్తులో కట్టించాను.

"మరీ ఇంత కిందనా?" అన్నారాయన.

"వెలుగు మనకి కాదండీ, నారుకి."

వారం పాటు మసక చీకట్లో వండాను. కూరలో ఉప్పెక్కువైనా ఎవరూ కిమ్మనలేదు. ఆ వెసులుబాటు నేను కొంచెం వాడుకున్నాను కూడా.

ఈ ఉదయం కొత్త ఆకులు ముదురు పచ్చగా విచ్చుకున్నాయి. అత్తగారు అరచేత్తో నిమిరితే మొలకలు వంగి, మళ్లీ నిటారుగా లేచాయి.

"బతికిందే అమ్మాయ్!" అంటూ కుర్చీ ట్రేల పక్కకి లాక్కుని కూర్చున్నారు. అక్కణ్ణుంచే కొడుకుని పిలిచారు.

"వంటింటికి ఇంకో ట్యూబులైటు తేరా. ఇది మాత్రం నేనిచ్చేది లేదు."