మిస్ ఎల్వెరా దిద్దిన మాటలు

మిస్ ఎల్వెరా డౌనర్‌కి అల్లుడంటే మొదటినుంచీ పడదు. అతను చెడ్డవాడని కాదు. ఎవేలియో తాగడు, గొంతెత్తి అరవడు, ఇంటి ముందు గదిలో ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ బాగుచేసుకుంటూ తన మానాన తానుంటాడు. అయినా అతను కొండల మీంచి దిగివచ్చిన స్పానిష్ మనిషి. అలాంటివాళ్లను మా రేవు ఊరు లిమోన్‌లో ‘పాన్యా’ అంటాం. ఆమె తాతలేమో రైలు పట్టాలు వెయ్యడానికి జమైకా నుంచి ఓడలో వచ్చినవాళ్లు. ఆమె తన వయసంతా చర్చి వెనక గదిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పింది. ఒక్కగానొక్క కూతురు ఐవెట్ పోయి పోయి పాన్యాను కట్టుకోవడం ఆమెకు మింగుడుపడలేదు. అల్లుడితో స్పానిష్‌లో అవసరానికి ఒక ముక్క మాట్లాడేది. ఇంటికెవరైనా వస్తే ‘ఐవెట్ భర్త’ అనేది తప్ప పేరు పలికేది కాదు. అతనూ ‘దోన్యా ఎల్వెరా’ అని దూరం నుంచే మర్యాద చేసేవాడు.

ఒక ఆదివారం చర్చిలో పాట మధ్యలో ఆమె పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆస్పత్రిలో తెలివి వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. ఆమెకు స్పానిష్ పోయింది. నర్సు ఏమడిగినా కొత్త దేశంలో దిగినదానిలా చూసింది. తల్లి ఒడిలో నేర్చిన ఇంగ్లీషు మాత్రం మిగిలింది. కొందరికి ఇలా జరుగుతుందనీ, పోయిన భాష తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అనీ డాక్టరు చెప్పాడు. ఆమె చేత ఎంత మాట్లాడిస్తే అంత మంచిదన్నాడు.

ఐవెట్‌ది ఓడరేవు క్యాంటీన్‌లో వంట పని. పొద్దున వెళితే సాయంత్రమే రాక. పగలంతా అత్తగారిని చూసుకోవలసింది ఎవేలియోనే. అతనికి చూస్తే ఇంగ్లీషు రాదు. అన్నేళ్లు లిమోన్‌లో బతికీ ఎందుకు రాలేదంటే, ఆవిడ ముందు తప్పు మాట్లాడతానన్న భయంతో నోరు విప్పలేదు.

ఇప్పుడు భయపడితే కుదరదు. నీళ్లు, నొప్పి, ఆకలి అన్న మాటలు భార్య దగ్గర నేర్చుకుని, మంచం పక్కన నిలబడి బళ్లో పిల్లాడిలా ఒప్పజెప్పేవాడు. ఆమె వేలు ఎత్తితే అవును, గోడవైపు తిరిగితే కాదు. అంతకుమించి మాట లేదు. తిండి కూడా పిట్టలా తినేది.

ఒక మధ్యాహ్నం కొబ్బరిపాలలో చేపా సీమపనసా ఉడికించి, చెంచాతో తినిపిస్తున్నాడు. ఆమె మెడ దగ్గర ఎముకలు చూసి ప్రాణం ఉసూరుమంది. తనకు వచ్చిన నాలుగు మాటల్లోంచి ఒకటి ఏరుకుని, మీరు బాగా స్కిన్నీ అయిపోయారన్నాడు.

ఆమె చెంచాను ఎడమచేత్తో పక్కకు నెట్టింది. వంకరపోయిన పెదవితో ఒక్కో మాటా కూడదీసుకుంది.

"స్కిన్నీ అంటే సంతలో ఎవరూ కొనని కోడి. ఆడమనిషిని స్లిమ్ అనాలి. మరీ చిక్కిపోతే థిన్ అను. ఊరుకుంటాను."

జబ్బుపడ్డాక ఆమె అంత మాట్లాడడం అదే మొదలు. ఎవేలియోకు సగమే అర్థమైంది. కానీ ఆ కోపంలోనే ఆమె గిన్నె అడుగుదాకా తినేసిందని గమనించాడు.

ఆ తర్వాత అతను తెగించాడు. నోటికొచ్చిన మాటల్లా వాడేవాడు. స్నానం చేయించి అత్తరు రాసి, మీ దగ్గర స్మెల్ వస్తోందని మెచ్చుకున్నాడు. స్మెల్ చేపల బజారులో వస్తుందనీ, తన దగ్గర వచ్చేది సెంట్ అనీ ఆమె చీవాట్లు పెట్టింది. చెయ్యి కదపమని డాక్టరు చెప్పినా ఆమె కదపనంటే, మీరు స్టబ్బర్న్ మనిషి అన్నాడు.

"గాడిద స్టబ్బర్న్. నేను ఫర్మ్," అంది ఆమె.

"మరి నేను?"

"నువ్వు స్టబ్బర్నే."

అతను నవ్వాడు. ఆమె పెదవి కూడా బాగున్న వైపు కాస్త కదిలింది. అప్పటినుంచి అతను, ఊళ్లో పెద్దావిడలను అందరూ పిలిచినట్టే, ‘మిస్ ఎల్వెరా’ అనడం మొదలుపెట్టాడు. రోజురోజుకీ ఆమె నాలుక తిరగసాగింది. దిద్దడానికి ఏదో ఒకటి ఉంటే ఆమె పొద్దున్నే లేచి కూర్చునేది.

కొన్నాళ్లకు అతనికి మాటలు బాగానే పట్టుబడ్డాయి. అయినా తప్పులు తగ్గలేదు. ఒకరోజు ఆమె అతనివైపు తీక్షణంగా చూసింది.

"నిన్న ఒప్పు చెప్పిన మాట ఇవాళ తప్పెలా అవుతుందయ్యా, పాన్యా? నాకోసం తప్పులు చేస్తున్నావా?"

అతను తలొంచుకున్నాడు.

"చెయ్యి, వద్దనను. కానీ కొత్తవి చెయ్యి. పాతవాటితో విసుగొస్తోంది."

ఇంతలో ఆమె కొడుకు రెన్‌ఫర్డ్ సికీర్రెస్ నుంచి వచ్చాడు. అతను అక్కడ పాస్టరు. చెల్లెలు ఐవెట్ చిక్కి సగమైంది. క్యాంటీన్‌లో వండి వచ్చి, మళ్లీ తల్లి బట్టలుతికి, కూర్చున్నచోటే నిద్రపోయేది. రెన్‌ఫర్డ్ మంచి మాటే చెప్పాడు. కొండ మీద, కర్తాగో దగ్గర కన్యాస్త్రీలు నడిపే వృద్ధాశ్రమం ఒకటుంది, బాగా చూసుకుంటారు, అమ్మను అక్కడ చేర్పిద్దామన్నాడు. ఐవెట్ ఏడ్చింది, కానీ కాదనలేదు. ఎవేలియోను ఎవరూ అడగలేదు. ఆ ఇంటి విషయాల్లో అతన్ని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

భోజనాలయ్యాక రెన్‌ఫర్డ్ తల్లి ఎదురుగా కూర్చుని సంగతంతా నెమ్మదిగా చెప్పి, అక్కడికి వెళ్లడానికి విల్లింగేనా అని అడిగాడు.

ఆమె కూతురి చేతులవైపు చూసింది. వేడినీళ్లలో నాని పగిలిన చేతులు.

"విల్లింగే," అంది.

రెన్‌ఫర్డ్ ఊపిరి పీల్చుకున్నాడు. కారు ఎవరిది అడగాలి, ఏ బట్టలు సర్దాలి అని చెల్లెలితో మాట్లాడుతున్నాడు. ఎవేలియో ఎంగిలి పళ్లేలు తీస్తున్నవాడల్లా ఆగిపోయాడు. వాటిని బల్ల మీద పెట్టేసి, వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మిస్ ఎల్వెరా, విల్లింగ్, వాంట్... రెండూ ఒకటేనా?"

రెన్‌ఫర్డ్ ఇటు తిరిగాడు. 

"కాదు."

"తేడా ఏంటండీ?"

"విల్లింగ్ అంటే పళ్లెంలో పెట్టింది మింగడం, పెట్టినవాళ్ల కోసం. వాంట్ అంటే నోరూరడం."

"మరి మీకు నోరూరుతోందా?"

"లేదయ్యా," అంది ఆమె.  "కొండ మీద వాళ్లంతా స్పానిష్‌లో ముద్దుగా పలకరిస్తారు. నేను మొద్దులా చూస్తూ కూర్చుంటాను. ఇక్కడైతే నా మాట వినే మనిషి ఉన్నాడు."

రెన్‌ఫర్డ్ మొహం వాడిపోయింది. అతను పుట్టింది ఇంగ్లీషులోనే, పెరిగింది ఇంగ్లీషులోనే, ఆ తేడా తెలియనివాడు కాదు. లేచి తల్లి నుదుటి మీద చెయ్యి వేశాడు.

"నేను అడగాల్సిన మాట అడగలేదమ్మా. నాకు కావలసిన జవాబు వచ్చే మాట అడిగాను."

ఆ సాయంత్రం నలుగురూ కూర్చుని తేల్చుకున్నారు. ఎవేలియో తన పనిబల్లను అత్తగారి గదిలోకి మార్చుకుంటాడు. బట్టల ఉతుకు అతనిదే. రెన్‌ఫర్డ్ వారంలో ఐవెట్‌కు పని లేని రెండు రోజులు వచ్చి తల్లి దగ్గర ఉంటాడు, ఆ రోజుల్లో చెల్లెలు కంటినిండా నిద్రపోవచ్చు. మొదటిసారి అతను వచ్చిన రోజు ఐవెట్ మధ్యాహ్నం దాకా లేవలేదు.

మిస్ ఎల్వెరాకు స్పానిష్ తిరిగి రాలేదు. చెయ్యి మాత్రం కాస్త కదిలి, కప్పు పట్టుకునేదాకా వచ్చింది. ఎవేలియో ఇంగ్లీషు విని రేవు కూలీలు పడీపడీ నవ్వేవారు, పాతకాలపు పంతులమ్మలా మాట్లాడతాడని. ఎవరైనా చెడిపోయిన ఫ్యాను తెచ్చి బ్రోకెన్ అంటే, రెక్క విరిగితే బ్రోకెన్, ఇది ఫాల్టీ అని దిద్దేవాడట.

ఒక వాన మధ్యాహ్నం చర్చి నుంచి ఒకావిడ చూడడానికి వచ్చింది. మాటల్లో మిస్ ఎల్వెరా అల్లుడి ప్రసక్తి తెచ్చి, తనకిప్పుడు ఎవేలియో అంటే ఫాండ్ అంది. పేరు పెట్టే చెప్పింది. అతను స్క్రూ బిగిస్తూ విన్నాడు. ఆవిడ వెళ్లాక అడిగాడు, ఫాండ్ అంటే లైక్‌లాంటిదేనా అని.

"లైక్ చూసినరోజే పుడుతుంది, లేకపోతే లేదు. నువ్వంటే నాకు పుట్టలేదు."

"తెలుసండీ."

"ఫాండ్ అలా కాదు. ఇష్టం ఉన్నా లేకపోయినా చాలాకాలం ఒకే కప్పు కింద..."

రేకుల మీద వాన హోరెత్తింది. ఆమె కళ్లు మూతపడ్డాయి. ఎవేలియో దుప్పటి మెడదాకా కప్పి, చప్పుడు కాకుండా పనిముట్లు పక్కన పెట్టి, అల్లం కాచి కప్పులో తెచ్చుకుని అక్కడే కూర్చున్నాడు. వాన తగ్గేసరికి ఆమె కళ్లు తెరిచింది.

"ఎక్కడిదాకా వచ్చాం?"

"ఒకే కప్పు కిందికి వచ్చామండీ," అన్నాడు.

"ఆఁ. అక్కడికే," అని ఆమె కప్పు కోసం చెయ్యి చాచింది.